రన్ అంటే పరుగు ఒక్కటేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో బ్యాంకు పరీక్షలకీ కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివే పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా ఈ ఒక్క మాట దగ్గర బండి ఆగుతుంది. "మాస్టారూ, రన్ అంటే పరుగు కదా, మరి ముక్కు రన్ అవడమేటి?" అని ఒకరు మొదలుపెడతారు, ఇంక ఆ గంట అంతా దాని మీదే. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది గనక వచ్చిన డౌట్లన్నీ ఒకచోట పెట్టాను. ప్రశ్నలు మీరు అడిగినట్టే ఉంచాను. వరసగా చదవాలనేం లేదు, ఎవరికి ఏది కావాలో అక్కడికే పోండి. ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగు లిపిలోనే రాశాను.

## మొదలుపెట్టేటప్పుడు

రన్‌కి 645 అర్థాలున్నాయని చదివాను, నిజమేనా? ఎవరు లెక్కపెట్టారు?

నిజమే. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్ల లెక్క అది, అదీ క్రియగా వాడినప్పుడు మాత్రమే. పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు ఈ ఒక్క మాట ముందు తొమ్మిది నెలలకు పైగా కూర్చుని తేల్చిన అంకె. 2011లో అది పత్రికల్లోకి వచ్చింది. అంతకుముందు ఆ కుర్చీ సెట్ అనే మాటది. 1989లో వచ్చిన రెండో ముద్రణలో సెట్‌కి 430 అర్థాలు, సుమారు 60,000 మాటల వివరణ ఇచ్చారు. రన్ దాన్ని దాటిపోవడానికి యంత్రాలు ఒక పెద్ద కారణం. గడియారం, ఇంజిను, రైలు, ఫ్యాక్టరీ, కంప్యూటరు, ఇలా వచ్చిన ప్రతిదానికీ ఇంగ్లీషువాళ్లు కొత్త క్రియ వెతుక్కోకుండా ఇదే తగిలించుకుంటూ పోయారు.

అన్నీ బట్టీ పట్టాలా?

వద్దు. పరీక్షకైనా, ఉద్యోగానికైనా, ఫోన్లో కస్టమర్‌తో మాట్లాడడానికైనా ఇరవై ముప్పై వాడుకలొస్తే చాలు. రన్ కనిపించగానే రెండు చూసుకోండి. ఒకటి, రన్ అయ్యేది ఏది: మనిషా, యంత్రమా, నీళ్లా, దారా, వ్యాపారమా? రెండు, రన్ తర్వాత ఏముంది: ఒక వస్తువు పేరుందా, అవుట్, ఇంటూ లాంటి చిన్న మాటుందా, ఏమీ లేదా? ఈ రెండూ తేలితే అర్థం ముప్పాతిక వంతు తేలినట్టే. మిగతాది చదవగా చదవగా వస్తుంది, దానికి షార్ట్‌కట్ అని యూట్యూబ్‌లో ఎవరు చెప్పినా నమ్మకండి.

తెలుగులో రన్‌కి సరైన మాట ఏది? డిక్షనరీలో "పరుగెత్తు" అనే ఉంది.

పరుగెత్తు అనేది మనిషికీ కుక్కకీ గుర్రానికీ సరిపోతుంది, అంతే. మిగతాచోట్ల తెలుగు ఒక్కో వస్తువుకి ఒక్కో క్రియ ఇచ్చింది. బస్సు నడుస్తుంది, నీళ్లు పారతాయి, ముక్కు కారుతుంది, సినిమా ఆడుతుంది, రోడ్డు పోతుంది, చీర రంగు దిగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. వీటన్నిటికీ ఇంగ్లీషులో రన్ ఒక్కటే.

వీటిలో అన్నిటికన్నా పనికొచ్చేది "నడుచు". ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి మైకు వినండి. ఇంగ్లీషులో "రన్నింగ్ లేట్" అంటుంది, వెంటనే తెలుగులో "ఆలస్యంగా నడుస్తున్నది" అంటుంది. అదే రైలు, అదే ఆలస్యం, వాళ్లు పరుగెత్తించారు, మనం నడిపించాం. హోటలు నడపడం, బడి నడవడం, సంసారం నడపడం, కేసు నడవడం, అన్నిటికీ మనకు నడకే. అందుకని ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మీ తెలుగు వాక్యంలో "నడుస్తోంది", "నడుపుతున్నాడు" ఉంటే ముందు రన్ పెట్టి చూడండి, చాలాసార్లు అతికిపోతుంది. కాళ్లతో నడిచే నడకా, కారు నడపడమూ మాత్రం కాదు. వాటికి వాక్, డ్రైవ్ వేరే ఉన్నాయి.

ఒక్క మాటకి ఇన్ని అర్థాలేటండీ, ఇదేం భాష?

మనం మాత్రం తక్కువ తిన్నామా? "పట్టు" తీసుకోండి. నిద్ర పట్టింది, చెమట పట్టింది, తుప్పు పట్టింది, గంట టైము పట్టింది, కాలు పట్టేసింది, దొంగను పట్టారు, ఈ చొక్కా నాకు పట్టదు, వాడికి పిచ్చి పట్టింది. తెలుగు నేర్చుకునే ఒడిశా వాళ్లని అడగండి, పలాస, ఇచ్ఛాపురం వైపు దొరుకుతారు, మీరు రన్‌ని తిట్టినట్టే వాళ్లు పట్టుని తిడతారు.

రన్, ర్యాన్, మళ్లీ రన్. మూడో రూపం ఎందుకు మొదటికొచ్చింది?

కమ్, కేమ్, కమ్ లాగే ఇదీ. ఎందుకు అనడిగితే పాత ఇంగ్లీషు చరిత్రలోకి పోవాలి, పరీక్షకి అది అక్కర్లేదు. "రన్డ్" అనే మాట లేదు. "ఐ హ్యావ్ ర్యాన్" తప్పు, "ఐ హ్యావ్ రన్" ఒప్పు. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ ఏది కనపడినా ర్యాన్ రాదు. పలికేటప్పుడు కూడా తేడా తెలియాలి. రన్ పొట్టిగా "రన్" అనే, ర్యాన్‌లో మాత్రం నోరు కొంచెం సాగాలి. ఇంటర్వ్యూలో రెండూ ఒకేలా పలికితే నిన్నటి సంగతి చెబుతున్నారో ఇవాళ్టిదో ఎదుటివాళ్లకి తెలియదు.

## రన్ ఒంటరిగా వచ్చినప్పుడు

"మా నాన్నగారు కిరాణా కొట్టు నడుపుతున్నారు." ఈజ్ రన్నింగ్ అనాలా, రన్స్ అనాలా?

"మై ఫాదర్ రన్స్ ఎ గ్రోసరీ షాప్." మనవాళ్లలో పదిలో తొమ్మిదిమంది "ఈజ్ రన్నింగ్" అంటారు, ఎందుకంటే తెలుగులో "నడుపుతున్నారు" అని ఉంది, "తున్నా" కనపడగానే చేతికి ఐఎన్‌జీ వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ఎప్పుడూ ఉండే సంగతికి, జీవనాధారానికి సింపుల్ ప్రెజెంట్ వాడాలి. "ఈజ్ రన్నింగ్" అంటే ప్రస్తుతానికి నడుపుతున్నారు, రేపు మానేయొచ్చు అని వినపడుతుంది. అన్నయ్య ఊరెళితే రెండు వారాలు మీ నాన్నగారు ఆ కొట్టు చూసుకుంటున్నారనుకోండి, అప్పుడు "ఈజ్ రన్నింగ్" సరిగ్గా సరిపోతుంది. ఇంకో మంచి సంగతి, తెలుగులో తనంతట తాను అయితే "నడుచు", ఇంకొకరు చేస్తే "నడుపు" అని రెండున్నాయి, ఇంగ్లీషులో రెంటికీ రన్నే. "ద షాప్ రన్స్ వెల్" అంటే కొట్టు బాగా నడుస్తోంది, "హి రన్స్ ద షాప్ వెల్" అంటే ఆయన బాగా నడుపుతున్నాడు.

బస్సు టైములు చెప్పేటప్పుడు రన్స్, ఆలస్యం అయితే ఈజ్ రన్నింగ్. ఎందుకిలా?

టైంటేబుల్ అనేది రోజూ అదే, కాబట్టి "ద బస్ రన్స్ ఎవ్రీ హాఫ్ అవర్". ఆలస్యం ఇవాళ్టి సంగతి, కాబట్టి "ద ట్రైన్ ఈజ్ రన్నింగ్ లేట్". ఒకవేళ ఆ రైలు రోజూ ఆలస్యమే అయితే "ఇట్ ఆల్వేస్ రన్స్ లేట్" అనాలి. మనుషులకు కూడా వాడొచ్చు. మీటింగుకి పది నిమిషాలు ఆలస్యమవుతుంటే "ఐ యామ్ రన్నింగ్ లేట్" అని మెసేజ్ పెట్టండి, ఎవరూ మీరు పరిగెడుతున్నారనుకోరు.

నది రన్ అవుతుంది, సరే. రోడ్డు కదలదు కదా, అదెలా రన్ అవుతుంది?

మరి తెలుగులో "ఈ రోడ్డు ఎటు పోతుంది?" అని అడగమా? రోడ్డు ఎక్కడికీ పోదు, మన చూపే దాని వెంట పోతుంది. ఇంగ్లీషులోనూ అదే. "ద హైవే రన్స్ ఫ్రమ్ కోల్‌కతా టు చెన్నై." మన ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రాలోకి వచ్చే 16వ నంబరు జాతీయ రహదారి సంగతి అది. గోడ, కంచె, కరెంటు తీగ, రైలు పట్టా, పొలం గట్టు, పొడుగ్గా సాగేదేదైనా ఇలా రన్ అవుతుంది. దీనికి ఐఎన్‌జీ పెట్టకండి, రోడ్డు రేపు వేరే దారిన పోదు కదా. నది అయితే నిజంగానే నీళ్లు కదులుతాయి. "ద నాగావళి రన్స్ త్రూ శ్రీకాకుళం." "ద వంశధార రన్స్ ఇంటూ ద బే ఆఫ్ బెంగాల్ ఎట్ కళింగపట్నం." నది పేరు ముందు "ద" మరిచిపోకండి.

ముక్కు, జ్వరం, చీర రంగు, అన్నీ రన్నేనా?

మూడూ. "మై నోస్ ఈజ్ రన్నింగ్" అంటే జలుబు చేసి ముక్కు కారుతోంది. "షి ఈజ్ రన్నింగ్ ఎ టెంపరేచర్" అంటే ఒళ్లు కాలుతోంది, జ్వరం ఉంది. ఇక రంగు: కొత్త ఎర్ర చీరతో పాటు పొందూరు ఖద్దరు పంచె నానబెట్టారనుకోండి, బకెట్‌లో నీళ్లు గులాబీ రంగుకి తిరిగి పంచె అంచు దగ్గర మరకలు మరకలుగా అంటుకుంటుంది. అదే "ద కలర్ ర్యాన్". కొనేటప్పుడు "రంగు దిగుతుందా?" అని అడగాలంటే "విల్ ద కలర్ రన్?" అనండి. "విల్ ద కలర్ గో?" అంటే ఎవరికైనా తెలుస్తుంది గానీ అది వెలిసిపోవడానికి దగ్గర.

"రన్స్ ఇన్ ద ఫ్యామిలీ" అంటే ఇంట్లో పరిగెత్తడమా?

వంశంలో వస్తుండడం. "డయాబెటిస్ రన్స్ ఇన్ అవర్ ఫ్యామిలీ" అంటే మా ఇంట్లో తాతల నుంచి షుగరు ఉంది అని. డాక్టరు దగ్గర బాగా పనికొస్తుంది. మంచి గుణాలకీ వాడొచ్చు: పాట, పొడుగు, కోపం, ఏదైనా.

ఎన్నికల్లో పోటీ చేయడాన్ని రన్ అనొచ్చా?

అమెరికా వాళ్లు "రన్ ఫర్ ప్రెసిడెంట్" అంటారు, బ్రిటన్‌లో "స్టాండ్" అంటారు, మన పేపర్లు "కంటెస్ట్" అంటాయి. ఒకడు పరిగెడితే ఇంకొకడు నిలబడ్డాడు, పని మాత్రం ఒకటే. మన పరీక్షల్లో కంటెస్ట్ రాస్తే ఏ గొడవా లేదు.

## వెనక చిన్న మాట తగిలినప్పుడు

"పెట్రోల్ వాజ్ రన్ అవుట్" అంటే తప్పన్నారు. క్రికెట్‌లో "వాజ్ రన్ అవుట్" అంటారు కదా?

అడగాల్సిన ప్రశ్నే. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్‌ను ఎవరో అవుట్ చేస్తారు, అందుకని "హి వాజ్ రన్ అవుట్". విజయనగరం రాజకుమారుడు విజ్జీ కెప్టెన్‌గా 1936లో ఇండియా జట్టు ఇంగ్లండు వెళ్లింది. ఆ మాంచెస్టర్ టెస్టులో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కి 203 పరుగులు కలిపారు. మర్చంట్‌ని రన్ అవుట్ చేయించమని విజ్జీ స్వయంగా ముస్తాక్‌కి చెప్పాడని క్రికెట్ లోకంలో ఒక కథ ఇప్పటికీ తిరుగుతుంటుంది. సొంత కెప్టెనే! ముస్తాక్ ఆ పని చేయలేదు, ఇద్దరూ సెంచరీలు కొట్టారు. ఆ టూరులో విజ్జీ ఆడిన 3 టెస్టుల్లో చేసిందేమో 33 పరుగులు.

పెట్రోలు సంగతి వేరు. దాన్నెవరూ అవుట్ చేయరు, అదే అయిపోతుంది. కాబట్టి "వాజ్" రాదు. "ద పెట్రోల్ ర్యాన్ అవుట్" లేదా "వి ర్యాన్ అవుట్ ఆఫ్ పెట్రోల్". అయిపోయిన వస్తువు ముందుంటే ఉత్త "రన్ అవుట్", మనిషి ముందుంటే "రన్ అవుట్ ఆఫ్". గ్యాసు, డబ్బులు, ఓపిక, టైము, అన్నిటికీ ఇదే లెక్క. ఇంకా పూర్తిగా అయిపోలేదు, అడుగున కొంచెం ఉంది అంటే "వి ఆర్ రన్నింగ్ షార్ట్ ఆఫ్ పెట్రోల్".

రన్ ఇంటూ, రన్ ఓవర్, రన్ డౌన్, మూడూ గుద్దడమేనా?

"ఐ ర్యాన్ ఇంటూ మై క్లాస్‌మేట్" అంటే కాంప్లెక్స్‌లో బస్సు దిగుతుంటే పాత క్లాస్‌మేట్ అనుకోకుండా ఎదురుపడ్డాడు. అదే "ద బైక్ ర్యాన్ ఇంటూ ఎ లారీ" అయితే గుద్దేసింది. ఎవరు ఎవరిని అన్నదే చూడాలి. "రన్ ఓవర్" అయితే చక్రం మీదనుంచి పోయింది, మీటింగు గురించి అంటే మాత్రం టైము దాటిపోయింది. "రన్ డౌన్"కి ఒకదానిమీద ఒకటి అర్థాలు: బ్యాటరీ దిగిపోవడం, మనిషిని వెనకాల తీసిపారేసి మాట్లాడడం, బండితో పడగొట్టడం. ఒంట్లో సత్తువ లేకపోతే "ఐ ఫీల్ రన్ డౌన్" అంటారు. మధ్యలో "ఓవర్" పెట్టి "ఐ ర్యాన్ ఓవర్ మై ఫ్రెండ్" అన్నారో, స్టేషన్లో మీ స్టేట్‌మెంటు రాసుకుంటారు.

రన్ అవే అంటే పారిపోవడమా, లేచిపోవడమా?

ఒట్టి "రన్ అవే" పారిపోవడం, ఇల్లు వదిలి వెళ్లిపోవడం. "విత్" తగిలిస్తే ఎవరితోనో వెళ్లిపోయినట్టు, లేదా డబ్బు పట్టుకుపోయినట్టు. చీటీల డబ్బుతో ఉడాయించినవాడికి "హి ర్యాన్ అవే విత్ ద మనీ", లేదా "ర్యాన్ ఆఫ్ విత్".

ఆఫీసు మెయిల్లో "లెట్ మి రన్ ఇట్ బై మై మేనేజర్" అని వచ్చింది. మేనేజర్ ఏం చేస్తాడు?

ఏమీ చేయకపోవచ్చు. ఆయన చెవిన వేసి, అభిప్రాయం కనుక్కుని చెప్తాను అని అర్థం. "రన్ త్రూ" అంటే పైపైన ఒకసారి మొత్తం చూసుకోవడం, రిహార్సల్‌కి కూడా అదే అంటారు. "రన్ అప్ ఎ బిల్" అంటే బిల్లు పెంచుకుంటూ పోవడం, మన హోటల్ ఖాతా లాంటిది.

## నామవాచకంగా, పలుకుబడుల్లో

"ఇన్ ద లాంగ్ రన్", "డ్రై రన్", "ఆన్ ద రన్", ఇవన్నీ ఎలా గుర్తుపెట్టుకోవాలి?

వాక్యంతో పాటు. లాంగ్ రన్ అంటే పోనుపోను, చివరికి చూస్తే. "ద" తీసేస్తే తప్పు పట్టుకుంటారు. డ్రై రన్ అంటే అసలు పనికి ముందు చేసే ఉత్తుత్తి ప్రయోగం, కోవిడ్ టీకాల ముందు 2021 జనవరిలో ఈ మాట ప్రతి పేపర్లోనూ వచ్చింది. ఆన్ ద రన్ అంటే పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నవాడు.

"రన్ ఆఫ్ ద మిల్" అంటే మిల్లు నడపడమా?

కాదు, మామూలు సరుకు అని. మిల్లులోంచి వచ్చింది వచ్చినట్టు, ఏరకుండా, గ్రేడు కట్టకుండా ఉన్న సరుకు. పలాస వాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. జీడిపప్పు తొక్క తీశాక ఏరకముందు ఉండేదీ, ఏరి డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని విడగొట్టాక ఉండేదీ ఒకటి కాదు కదా. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుళ్లు తూగేది. ఏరకముందుది రన్ ఆఫ్ ద మిల్. మనిషి గురించో సినిమా గురించో అంటే "ఏముంది, మామూలే" అని.

రన్నర్ అప్‌కి బహువచనం?

రన్నర్స్ అప్. ఎస్ మధ్యలో వస్తుంది. "రన్నర్ అప్స్" అని కప్పు మీద చెక్కించిన టోర్నమెంట్లు మన జిల్లాలో కావలసినన్ని.

"ఐ హ్యావ్ ద రన్స్" అంటే నవ్వారు, ఎందుకు?

మీరు స్కోరు చెబుతున్నారు, వాళ్లకి విరేచనాలు అని వినపడింది. క్రికెట్ అయితే "ఐ స్కోర్డ్ ఫార్టీ రన్స్" అనండి.

## మనం తెలుగులో కలిపి వాడే "రన్నింగ్"

"నాకు 23 రన్నింగ్." ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

ఇది అచ్చంగా మన సొంత ఇంగ్లీషు. 22 నిండి 23వ ఏడు నడుస్తోంది అని మన భావం, నడుస్తోంది గనక రన్నింగ్ అయింది. పెళ్లిచూపుల దగ్గర్నుంచి రేషన్ కార్డు దాకా ఇక్కడ ఎవరికైనా అర్థమవుతుంది, బయటివాళ్లకి కాదు. ఇంగ్లీషులో నిండిన వయసే చెబుతారు: "ఐ యామ్ ట్వెంటీ టూ". ఇంకొంచెం దగ్గరపడింది అని చెప్పాలనుంటే "గోయింగ్ ఆన్ ట్వెంటీ త్రీ".

"రన్నింగ్ బస్సు ఎక్కొద్దు" తప్పా?

తెలుగులో తప్పేం లేదు. ఇంగ్లీషులో "మూవింగ్ బస్" అనండి. రన్నింగ్ అంటే సర్వీసులో ఉన్న బస్సు అనే అర్థం కూడా వస్తుంది, అది ఎక్కకపోతే ఇంక దేనికి?

ఆర్మీ ర్యాలీలో "రన్నింగ్ కొట్టాను" అని ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

తెల్లారి నాలుగున్నరకి హైవే పక్కన చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తే మన కుర్రాళ్లందరి ప్రశ్న ఇది. "ఐ బీట్ ద రన్నింగ్" అనకండి. "ఐ క్లియర్డ్ ద రన్", ఇంకా బాగా చెప్పాలంటే దూరంతో సహా: "ఐ క్లియర్డ్ ద సిక్స్‌టీన్ హండ్రెడ్ మీటర్ రన్". అగ్నివీర్ ర్యాలీలోనూ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లోనూ ఆ దూరమే. రోజూ చేసే అలవాటు చెప్పేటప్పుడు "ఐ రన్ ఎవ్రీ మార్నింగ్" చాలు, "ఐ డూ రన్నింగ్ ప్రాక్టీస్ డైలీ" అని సాగదీయక్కర్లేదు.

రన్నింగ్ నోట్స్, రన్నింగ్ బిల్లు, రన్నింగ్ ఫుట్, రన్నింగ్ స్టిచ్, ఇవి సరైన ఇంగ్లీషేనా?

అన్నీ సరైనవే, నిశ్చింతగా వాడండి. చెబుతుండగా రాసుకునేవి రన్నింగ్ నోట్స్. పని పూర్తికాకముందే కాంట్రాక్టరు విడతలుగా పెట్టుకునేది రన్నింగ్ బిల్లు. వెడల్పుతో పని లేకుండా పొడుగు మాత్రం కొలిస్తే రన్నింగ్ ఫుట్, గ్రానైట్ అంచుకీ రెయిలింగుకీ అలాగే రేటు చెబుతారు. సూది పైకీ కిందకీ వరసగా పోయే కుట్టు రన్నింగ్ స్టిచ్.

"త్రీ డేస్ రన్నింగ్" అని పేపర్లో చూశాను. మూడు రోజులు పరిగెత్తారా?

వరసగా మూడు రోజులు. "ఇట్ రెయిన్డ్ ఫర్ త్రీ డేస్ రన్నింగ్" అంటే ఆగకుండా మూడు రోజులూ రోజూ వాన పడింది. ఈ అర్థంలో రన్నింగ్ రోజుల తర్వాతే రావాలి, ముందు రాకూడదు. "రన్నింగ్ త్రీ డేస్" అని ఆప్షన్‌లో కనపడితే కొట్టేయండి.